తుంగ చిక్కాల వెనక తార్కో

కుయ్మా సముద్రపు ఒడ్డున పుట్టింది. పెళ్లయి లోయలోకి వచ్చాక, వలలల్లిన చేతులతోనే తుంగ చిక్కాలు, వలలాంటి సంచులు, అల్లడం మొదలుపెట్టింది. ఆ చిక్కాల్లో రాళ్లు నింపి ఆపుగోడల వెనక పేర్చుకుంటూ పోతే దేవుడి దిబ్బ పెరుగుతుంది. ఆమె కళ్లముందే అది అంతస్తు మీద అంతస్తు లేచింది. మొగుడు ఏటి వరదలో పోయాక, బావ తార్కో ఆమెను పుట్టింటికి పంపేయాలని పట్టుబట్టాడు. తమ్ముడి పత్తిచేను తనదేనన్నాడు. ఆమె కదల్లేదు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

ఆ రోజు పొద్దెక్కాక నేల ఊగింది. దిబ్బ మీదివాళ్లంతా పడుతూ లేస్తూ కిందికి పరుగెత్తారు. దుమ్ము అణిగాక చూస్తే పై అంతస్తు గోడ నిండు చూలాలి పొట్టలా ఉబ్బి ఉంది. దాని వెనకనుంచి తార్కో కేకలు.

మేస్త్రీ ఆమాల్ మెట్లకు అడ్డంగా చేతులు చాచాడు. "ఎవరూ ఎక్కొద్దు! ఇంకోసారి ఊగిందంటే గోడంతా జారుతుంది. ఒక్కడి కోసం ఇంతమందిని చంపుకోలేను."

"నన్నొక్కదాన్నే పోనీ. తప్పుకో," అంది కుయ్మా.

"పిచ్చా నీకు? నిన్ను ఇంట్లోంచి గెంటాలని చూసినోడే వాడు!"

"ఆ సంగతి ఆయన బతికుంటే కదా తేల్చుకునేది!"

అతని చేతి కిందనుంచి దూరి పైకెక్కింది. గోడకూ చిక్కాలకూ మధ్య తార్కో నడుం దాకా ఇరుక్కుని ఉన్నాడు. అతని తలకు పైన ఒక చిక్కం చిరిగి, రాళ్లు ఒక్కొక్కటే జారుతున్నాయి. అది ఖాళీ అయితే పైవన్నీ అతని మీదే పడతాయి.

"నువ్వా! దిగిపోవే, గోడ కదుల్తోంది."

"అరవకు బావా. ఊపిరి దాచుకో."

నడుముకున్న పత్తితాడు విప్పి చిరుగు దగ్గర ముడి వేసింది. ముడి జారింది. మళ్లీ వేసింది. అది బిగిసేలోపే నేల మళ్లీ కదిలింది. కుయ్మా చిక్కానికి వీపు ఆనించి కళ్లు మూసుకుంది. చుట్టూ రాళ్లు పళ్లు కొరికినట్టు చప్పుడు చేశాయి. గోడ చివర ఒక ముక్క విరిగి కిందికి దొర్లింది. చిక్కాలు మాత్రం జారకుండా ఆగాయి.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆమాల్, వెనక మరో ఇద్దరు.

"చూస్తావేం, జరుగు! కింద నిలబడలేక చచ్చాను," అంటూ అతను తార్కో నడుముకు అడ్డంగా ఉన్న చిక్కం లాగాడు.

తార్కో బయటికొచ్చాడు గానీ పాదం నలిగిపోయింది. మళ్లీ దిబ్బ ఎక్కలేదు. నీడన కూర్చుని తుంగ పేనేవాడు. పత్తి పగిలే రోజుల్లో కర్ర పొడుచుకుంటూ కుయ్మా గుమ్మం ముందుకొచ్చి, ఎటో చూస్తూ అడిగాడు.

"నీ చేను ఎప్పుడు ఏరిస్తావ్?"

"రేపు," అంది. "నెత్తళ్లు కాలుస్తున్నా. తినిపో."

కూర్చుని తిన్నాడు. ఆ చేనుకు నీళ్ల వంతు గురించి మాత్రం ఇద్దరూ బతికున్నంతకాలం పోట్లాడుకున్నారు.