ఎండ చూడని యాదమ్మ

1961లో నేను దేవరకొండ తాలూకాలోని ఒక ప్రైమరీ హెల్త్ సెంటర్లో మిడ్‌వైఫ్‌గా పనిచేసేదాన్ని. కాన్పులు చేయడం, గర్భిణుల పేర్లు రిజిస్టర్లో రాసుకోవడం, చుట్టుపక్కల ఊళ్లు తిరగడం నా పని. సొంతూరు భువనగిరి. అప్పటికి ఏడేళ్ల సర్వీసు ఉంది కాబట్టి నాకన్నీ తెలుసనుకునేదాన్ని. మనిషి మాట పూర్తి చేయకముందే మందు చేతిలో పెట్టడం అలవాటైపోయింది.

యాదమ్మ కంటే ముందు ఆమె అత్త లచ్చమ్మ వచ్చింది. దవాఖాన అరుగు మీద కూర్చుని, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, అప్పుడు లోపలికి అడుగుపెట్టింది.

"నా కోడలికి పెండ్లయి ఆరేండ్లాయె నర్సమ్మా. కడుపు పండలే. ఏదన్న మందుంటె ఇయ్యి."

"కోడలేది?"

"అది రాదు. నడువ శాతగాదు. కాళ్లు గుంజుతయ్ అంటది."

వాళ్ల ఊరి బావినీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువ. నలభై నిండకుండానే నడుములు వంగిపోయినవాళ్లు అక్కడ ఇంటికొకరు ఉండేవారు. ఆ ఊరివాళ్లు ఎవరు కాళ్లనొప్పులన్నా 'నీళ్ల బాధ' అని రాసుకుని వదిలేసేవాళ్లం. యాదమ్మ పేరు ఎదురుగా కూడా అదే రాశాను. నెలనెలా బహిష్టు అవుతుందా, ఎప్పుడైనా కడుపు పోయిందా అని అడిగి, ఐరన్ మాత్రలిచ్చి పంపాను. లచ్చమ్మ మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ అవే ప్రశ్నలు, అవే మాత్రలు.

మూడోసారి లేచి పోతూ పోతూ అంది. "ఇంక మందులకు రానమ్మా. శ్రావణంల కొడుక్కి ఇంకొక పిల్లను చేస్తున్నం. మా తమ్ముని బిడ్డనే. యాదమ్మను ఎల్లగొట్టం. అదీ ఉంటది, ఇదీ ఉంటది."

భార్య ఉండగా ఇంకో పెళ్లి కూడదని అప్పటికే చట్టం ఉంది. పల్లెల్లో దాని మాట ఎవరికీ పట్టలేదు. నాకు ఒళ్లు మండింది. "ముందు నీ కోడల్ని నాకు చూపియ్యి" అని ఆమె వెంటే బయలుదేరాను.

ఇంటి లోపలి అర్రకు కిటికీ లేదు. ఆ చీకట్లో ఇరవై రెండేళ్ల పిల్ల కూర్చుని జొన్నలు విసురుతోంది. నన్ను చూసి లేవబోయింది. ఆ లేవడం నేను మరిచిపోలేను. రెండు చేతులూ నేలకు ఆనించింది, తర్వాత మోకాళ్ల మీద పెట్టుకుంది, తన తొడలనే పట్టుకుని పైకి ఎగబాకింది. రెండడుగులు వేసేసరికి బాతులా అటూ ఇటూ ఊగింది. నీళ్ల బాధ ఉన్నవాళ్లు కట్టెలా బిగుసుకుపోతారు. ఈమె నడక అట్లా లేదు. ఇంటిదాకా వచ్చి చూసి ఉంటే మొదటిరోజే తెలిసేది నాకు.

లచ్చమ్మను చల్ల తెమ్మని పంపి, పక్కన కూర్చున్నాను.

"యాడ నొస్తది బిడ్డా?"

ఆమె నా ముఖంలోకి చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది. "గీ మాట ఎవ్వలు అడుగలే అమ్మా. నడుము, తొడలు, తుంటి బొక్కలు. ముట్టుకుంటె పానం పోతది."

"బయట తిరుగుతవా?"

"తిరుగ. మందికి ఎదురు రావొద్దు గద. గొడ్డుదాని మొగం సూస్తె నాగలి కట్టరు."

కథంతా మెల్లగా బయటికి వచ్చింది. పెళ్లయిన రెండేళ్లు అందరితోపాటు కలుపుకు, కోతకు పోయింది. ఆ తర్వాతి ఏడు వాన మొహం చాటేసి విత్తనం మొలవలేదు. పిల్లలు లేనిది చెల్కల, అంటే మెట్టచేనులో, అడుగుపెట్టింది కాబట్టే అని ఊళ్లో ఎవరో అన్నారు. ఆ రోజు నుంచి ఆమె అర్ర దాటలేదు. పొద్దుగూకాకే పెరట్లోకి పోయి రావడం. పైగా సంతానం కోసం వారానికి మూడు ఒక్కపొద్దులు. పాలూ పెరుగూ మొక్కు కింద మానేసింది. రాళ్లు పగిలే ఎండలు కాసే నల్లగొండ జిల్లాలో, నాలుగేళ్లుగా ఆ పిల్ల ఒంటికి ఎండ తగలలేదు.

అడగవలసింది ఇంకొకటి ఉంది. గొంతు తగ్గించి అడిగాను.

"మా ఆయన మంచోడే" అంది తల వంచుకుని. "దగ్గరికొస్తె నేను నొప్పికి మొత్తుకుంట. పాపం, సూడలేక బాయికాడ పండుకుంటుండు. మూడేండ్లాయె. గీ సంగతి అత్తకెట్ల చెప్పాలె?"

మూడేళ్లుగా ఆలుమగలు దూరంగా ఉంటున్నారు. ఊరేమో గొడ్రాలంటోంది, అత్త సవతిని తెస్తోంది, నేను మాత్రలు పంపుతున్నాను.

వారం తిరగకుండానే లచ్చమ్మా నేనూ ఆమెను నల్లగొండ పెద్ద దవాఖానకు తీసుకుపోయాం. బస్సు ఎగిరినప్పుడల్లా యాదమ్మ నా చెయ్యి పట్టుకుని పళ్లు బిగించింది. లేడీ డాక్టరు ఎక్స్-రే తీయించి, నన్ను పక్కకు పిలిచారు. జబ్బు పేరు ఆస్టియోమలేషియా, అంటే ఎముక మెత్తబడడం.

"ఒంటికి ఎండ తగిలితే విటమిన్ డి తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. ఈ పిల్లకు రెండూ లేవు. పెల్విస్ ఇంకా వంకరపోలేదు, అదృష్టం." పెల్విస్ అంటే నడుము కింది ఎముకల గూడు, బిడ్డ బయటికి వచ్చే దారి.

"పిల్లలు పుడతారా మేడమ్?"

"విటమిన్ లేకపోతే గర్భం రాదని నేను చెప్పలేను. ఆ సంబంధం నాకు తెలియదు. నొప్పి తగ్గితే మొగుడూపెళ్లాలు కలిసి ఉండగలరు. ముందు అది జరగనివ్వండి."

వరండాలో కూర్చున్న లచ్చమ్మ దగ్గరికి పోయి, ఆగలేక అనేశాను. "నీ కోడలికి జబ్బు చేసింది నువ్వే. ఎండ తగలకుండ చీకట్ల పెట్టి బొక్కలు మెత్తబడేటట్టు చేసినవ్."

ఆమె ఎదురు తిరుగుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బయటికి పోతె ఒక్కొక్కలు ఒక్కొక్క మాట అనిరి. దినాం ఏడ్సుకుంట వచ్చేది. సూడలేక, ఇంట్లనే ఉండు బిడ్డా, నేను జేసుకుంట అన్న. మేలు జేస్తున్న అనుకున్న నర్సమ్మా."

చదువురాని ఆ మనిషి కోడలి ఏడుపు చూడలేక చేసిన పొరపాటు అది. చదువుకున్న నేను చూడడానికి కూడా పోకుండా పొరపాటు చేశాను. ఎవరిని తిట్టాలో తెలియక ఆమె పక్కనే కూలబడ్డాను.

"ఒక్క ఏడాది ఆగు. ఆ పెండ్లి మాట ఎత్తకు" అన్నాను.

"తమ్ముడు అలుగుతడు."

"అలగనీ."

డాక్టరు గదిలోంచి గోడ పట్టుకుని వస్తున్న కోడలిని చాలాసేపు చూసింది. "సరె, ఆగుతం" అంది.

మందు షార్క్ లివర్ ఆయిల్ అనే చేపనూనె, కాల్షియం బిళ్లలు. రోజూ పెరట్లో దడి చాటున, వీపుకూ కాళ్లకూ పొద్దుటి ఎండ. మళ్లీ పాలూ పెరుగూ. చేపనూనె వాసనకు ఇల్లంతా ముక్కు మూసుకుంది. శనివారం ఒక్కపొద్దు నాడు చేప కడుపులోకి పోతే ఎట్లా అని లచ్చమ్మకు పెద్ద ఫికర్. "మందుకు నీసు లేదు, దేవునికి నేను చెప్తలే" అన్నాను. నా పూచీ మీద తాగించింది.

నెల తర్వాత యాదమ్మ నేలకు చెయ్యి ఆనించకుండా లేచింది. రెండు నెలలకు నొప్పి సగం తగ్గింది. ఇంతలో మృగశిర కార్తె వచ్చి వానలు పడ్డాయి. విత్తనాలు వేసే రోజు నేను ఆ ఊళ్లో బాలింతను చూడడానికి పోయి, దారిలో ఆగాను. లచ్చమ్మ కోడలి చెయ్యి పట్టుకుని అందరి ముందునుంచే చెల్కకు నడిపిస్తోంది. పక్క చెల్క ఆసామి నాగలి ఆపి, "ఏందిది లచ్చక్కా, ఇత్తే నాడు దీన్నెందుకు తెచ్చినవ్?" అన్నాడు.

"మా చెల్క, మా ఇత్తునం, మా కోడలు" అంది లచ్చమ్మ. "మొలువకపోతె మేమే పస్తుంటం. నీ నాగలి నువ్వు కట్టుకో పో."

అని, తన ఒళ్లోని జొన్నలు దోసెడు తీసి యాదమ్మ చేతుల్లో పోసింది. ఆ పిల్ల వంగి వాటిని చాలులో వేసింది. ఆ ఏడు పంట మొలిచింది. మొలవకపోయి ఉంటే ఊరు వాళ్లను ఎట్లా బతకనిచ్చేదో తలుచుకుంటే నాకిప్పటికీ భయమే.

శ్రావణం వచ్చింది, పోయింది. తమ్ముడు అలిగి బిడ్డను వేరే ఊరికి ఇచ్చాడు. యాదమ్మ మొగుడు బావి దగ్గర పడక మానేసి ఇంటికి వచ్చాడు. తర్వాతి వేసవిలో ఆమె మూడు మైళ్లు నడిచి దవాఖానకు వచ్చి, రెండు నెలలుగా బహిష్టు కాలేదని చెప్పింది. నేను కుర్చీలోంచి లేచి ఆమెను కావలించుకున్నాను. కాన్పు ఇంట్లో వద్దని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి నెల ముందే నల్లగొండకు పంపాం. కష్టమైన కాన్పే. తల్లీ బిడ్డా దక్కారు. ఆడపిల్ల.

డి విటమిన్ తక్కువైతే గర్భం రావడం కష్టమని ఈమధ్య కొందరు రాస్తున్నారు, ఇంకా తేలలేదని కొందరు రాస్తున్నారు. తేల్చవలసినవాళ్లు తేలుస్తారు. ఎండలో కూర్చుంటే పిల్లలు పుడతారని నేను ఎవరికీ చెప్పను. యాదమ్మ విషయంలో నేను చూసింది, నొప్పి పోవడం, ఆ నొప్పివల్ల పోయిన కాపురం తిరిగి రావడం.

దవాఖాన నుంచి ఇంటికి పోయే రోజు ఆమెతో, "ఇగ నిన్ను ఎవ్వరేమంటరు? బిడ్డ పుట్టె గద" అన్నాను సంబరంగా.

ఆమె బిడ్డ నెత్తి నిమురుతూ నెమ్మదిగా అంది. "బిడ్డ పుట్టినంక అందరు మంచిగనే సూస్తరు నర్సమ్మా. పుట్టకముందే మా అత్త నా చేతుల ఇత్తునం వోసింది. గా ముచ్చట నేను సచ్చేదాక మర్వ."

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేశాను. పిల్లలు లేరని వచ్చిన ఏ ఆడమనిషినీ పెళ్లయి ఎన్నేళ్లని మొదట అడగలేదు. పక్కన కూర్చోబెట్టుకుని, "పిల్లల సంగతి తర్వాత చూద్దం. ముందు నువ్వెట్లున్నవో చెప్పు" అనేదాన్ని. ఆ ప్రశ్న తమనే అడుగుతున్నానని అర్థం కావడానికి చాలామందికి కొంతసేపు పట్టేది.