అట్టల వెనక ఏం చేస్తారో

తాళాలమ్మకు ఆరా ఎక్కువ. ఈ మాట ఆమె భర్త అంటే వెటకారం, కూతురు అంటే విసుగు, ఆమె తనంతట తాను చెప్పుకుంటే గొప్ప. పక్కింట్లో కొత్త బీరువా దిగితే దానికి ఎన్ని అరలున్నాయో కనుక్కునేదాకా ఆమెకు ముద్ద దిగదు. బస్సులో ఎదురు సీటాయన చదివే పుస్తకం పేరు కనపడకపోతే మెడ తిప్పి తిప్పి, చివరికి ఆయన్నే అడిగేస్తుంది. "తెలుసుకుంటే తప్పేముంది? నేనేమన్నా ఎత్తుకుపోతున్నానా?" అంటుంది.

స్కూలు భవనాన్ని కనిపెట్టుకుని ఉండడం ఆమె ఉద్యోగం. పొద్దున్నే తలుపులు తీయాలి, సాయంత్రం మూయాలి, మధ్యలో ఊడ్చి తుడవాలి, ఊగే కుర్చీల కాళ్ళు బిగించాలి, పిల్లలు పారేసుకున్న స్వెట్టర్లు ఏరి ఒకచోట పెట్టాలి. తాళాలమ్మ అన్నది, నడుముకు వేలాడే తాళాలగుత్తిని చూసి పిల్లలు పెట్టిన పేరు. టీచర్లకూ అదే అలవాటైపోయింది. జీతాలిచ్చే గుమాస్తాకు తప్ప ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ఎన్నికలొస్తే ఆ స్కూలు హాలే పోలింగ్ కేంద్రం. ముందురోజు ఒక వ్యాన్లో మడిచిన అట్టలు, ఓట్ల పెట్టెలు దిగుతాయి. అట్టల్ని మూడువైపులా నిలబెట్టి, లోపల చిన్న బల్ల వేసి, దానికి దారంతో పెన్సిలు కట్టి, ఓటేసేవాళ్ళకు మరుగు తయారుచెయ్యడం తాళాలమ్మ పని. ఇంకెవరన్నా చేస్తే ఆమెకు నచ్చదు. కిటికీ వైపు పెడితే ఎండకు లోపలివాళ్ళ నీడ అట్ట మీద పడి, చెయ్యి ఎటు కదిలిందో బయటికి తెలిసిపోతుందట. అందుకని గోడవైపు తిప్పి పెట్టి, హాల్లో ప్రతి మూల నుంచీ వంగి చూసి, లేచి చూసి, కుర్చీ ఎక్కి చూసి, ఏమీ కనపడటం లేదని రూఢి చేసుకునేది. వీధిలో అందరి గుట్టూ కావాలనుకునే మనిషి, తనకే కనపడకుండా ఇంత పకడ్బందీగా కట్టడం చూసి టీచర్లు ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు.

తను మాత్రం ఎన్నడూ ఓటెయ్యలేదు. పుట్టిన దేశం వదిలి ఈ దేశానికొచ్చి జుట్టు నెరిసినా ఆమె దగ్గరున్నది శాశ్వత నివాసి కార్డే. ఆ కార్డుతో ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, పన్ను కట్టొచ్చు, చివరికి ఇక్కడి మట్టిలోనే కలిసిపోవచ్చు. ఓటు ఒక్కటే కుదరదు. బస్సు డ్రైవరైన భర్త ఎప్పుడో పౌరసత్వం తీసుకున్నాడు. నువ్వూ తీసుకోవే అంటే, "ఇప్పుడున్నదానికేం తక్కువైంది?" అని అప్పట్లో దాటేసింది.

కానీ ఎన్నిక రోజున హాలు గుమ్మం దగ్గర నిలబడితే ఆమె ప్రాణం కొట్టుకుపోయేది. కొందరు ఇలా వెళ్ళి అలా వచ్చేస్తారు. కొందరు ఎంతకీ రారు. ఒక పేరు పక్కన గుర్తు పెట్టే పనికి అంతసేపేమిటి? ఒకావిడ నవ్వుతూ వెళ్ళి కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. చీటికీమాటికీ అరిచే మాంసం కొట్టాయన, లోపల్నించి వచ్చాక గుమ్మం దాకా పిల్లిలా నడిచాడు.

"లోపలేం చేస్తారండీ అంతసేపు?" అని భర్తనడిగింది.

"అది బయటికి చెప్పేది కాదు," అన్నాడాయన, మంత్రివర్గ రహస్యమేదో తన బనీనులో ఉన్నట్టు ఛాతీ నిమురుకుంటూ.

ఒళ్ళు మండింది ఆమెకు. పోనీలే అని ఊరుకుంది. అయితే కిందటిసారి కూతురుకి కూడా ఓటొచ్చింది. ఆ పూట అన్నం తింటూ తండ్రీకూతుళ్ళు ఒకరినొకరు చూసుకుని అదోలా నవ్వుకున్నారు.

"ఏమిటే అది? నాకూ చెప్పు," అంది తాళాలమ్మ.

"చెబితే తెలిసేది కాదమ్మా. నువ్వే ఒకసారి వెళ్ళి చూడు," అంది కూతురు.

ఇంట్లో ముగ్గురుంటే ఇద్దరికి తెలిసింది తనకు తెలియకపోవడమా! మర్నాడే కూతుర్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి దరఖాస్తు పెట్టించింది. దేశభక్తి ఉందో లేదో ఆమెనెవరూ అడగలేదు గానీ, ఆ మరుగు వెనక్కి వెళ్ళాలన్న కోరిక మాత్రం నిండా ఉంది. వచ్చే ఎన్నికల్లోపు ఎలాగైనా పౌరురాలై తీరాలని పంతం పట్టింది.

పౌరసత్వ పరీక్షకిచ్చిన పుస్తకాన్ని వరండాలు తుడుస్తూ బట్టీ పట్టింది. బట్టీ పట్టి ఊరుకుంటే ఆమె తాళాలమ్మ ఎందుకవుతుంది? పార్లమెంటులో పొద్దుపోయేదాకా మాట్లాడుకుంటే వాళ్ళకు భోజనాలెవరు పెడతారు? జడ్జిగారికి గొంతు పోతే తీర్పు ఎవరు చదువుతారు? సోషల్ టీచరమ్మను ఆపి ఇవన్నీ అడిగేది. పాపం ఆవిడ, తాళాలగుత్తి చప్పుడు వినపడితే చాలు, అవతలి మెట్లు దిగి పారిపోవడం మొదలుపెట్టింది.

పరీక్ష బాగానే రాసింది. తర్వాత ఇంటర్వ్యూ. అధికారి ఒక పెద్దావిడ. కళ్ళజోడుకు గొలుసుంది, అది వెండిదా, ఉత్త పూతా అని తాళాలమ్మ ఒక కంట కనిపెడుతూనే జవాబులు చెప్పింది. పోలీసు కేసులు? లేవు. పన్ను బాకీలు? లేవు. ఇక అన్నీ ఒకే ఊపులో సాగుతున్నాయి.

"ఈ దేశంలో ఎప్పుడైనా ఓటు వేశారా?" అనడిగి, లేదు అన్న గడి మీద అప్పుడే పెన్ను పెట్టేసింది ఆవిడ.

"వేశానో లేదో మీరే చెప్పాలి మేడమ్," అంది తాళాలమ్మ.

పెన్ను ఆగింది.

తాళాలమ్మ మొత్తం చెప్పింది. కొన్ని ఎన్నికల కిందట, రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన చక్రాల కుర్చీలో వచ్చాడు. మరుగులో తన ఓటు తనే వేసుకున్నాడు. ఓట్ల పెట్టె ఎత్తైన బల్ల మీద ఉంది. ఆయన చెయ్యి వణుకుతోంది, అందటం లేదు. పోలింగ్ సిబ్బంది జాబితాలో పేరు దొరకని ఇంకెవరితోనో గొడవ పడుతున్నారు. "అమ్మాయ్, ఇది కాస్త అందులో వెయ్యమ్మా," అని ఆయన కాగితం ఈమె చేతిలో పెట్టాడు. ఈమె వేసింది.

అధికారి మొహం బిగుసుకుంది. "అలా వెయ్యకూడదు. ఓటరు వెయ్యాలి, లేదా సిబ్బంది వెయ్యాలి. మీరసలు పౌరులే కాదు. ఈ సంగతి ఎవరికైనా చెప్పారా?"

"ఎవరూ అడగలేదు మేడమ్. మీరే అడిగారు."

"విప్పి చూశారా?"

"లేదు మేడమ్. ఆయన మడత సరిగ్గా పెట్టలేకపోయాడు, ఒక అంచు తెరుచుకుపోతుంటే బొటనవేలు అడ్డం పెట్టాను. వేలు తీస్తే కనపడుతుందని, మొహం పక్కకు తిప్పుకుని పెట్టెలో వేశాను."

"చూడాలనిపించలేదా?"

"చచ్చేంత అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ అది ఆయనది కదా."

ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "నేనిది రాసుకోక తప్పదు. పైవాళ్ళు చూడాలి. దరఖాస్తు ఆగొచ్చు. తోసిపుచ్చినా తోసిపుచ్చొచ్చు," అంది. గొంతు మాత్రం మునుపటంత గట్టిగా లేదు.

ఇంట్లో తెలియగానే భర్త ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఆ ముసలాయన పోయి ఎన్నాళ్ళయింది! ఎవడు చూడొచ్చాడు? లేదు అని ఒక్క ముక్క అనలేకపోయావా? అక్కర్లేని చోటంతా నోరు!" కూతురు తల పట్టుకుంది. తాళాలమ్మకు భయం వేసింది. ఉన్న కార్డు కూడా లాక్కుంటారేమోనని వారం పాటు కంటి మీద కునుకు లేదు.

ఆఫీసులకు మన ఆత్రం పడుతుందా? ఫోన్ చేస్తే పరిశీలనలో ఉంది అంటారు. వెళితే ఫోన్ చెయ్యమంటారు. ఈలోగా ఎన్నికల తేదీ ప్రకటించేశారు. ఓటర్ల జాబితా మూసేశారు. ఆ తర్వాత, ఎన్నికకు ముందురోజు హాలు తుడుస్తుండగా ఫోన్ మోగింది. ఆ పెద్దావిడే.

"మీ దరఖాస్తు ఒప్పుకున్నారు. మీరు చెప్పింది చెప్పినట్టే ఫైల్లో రాశాను. ప్రమాణం వచ్చే నెల. ఈ ఎన్నికకు మాత్రం అందదు, ఏమనుకోకండి."

తాళాలమ్మ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని ఏడ్చింది. సంతోషమే. దుఃఖమూ ఉంది. మళ్ళీ ఎన్నికలంటే ఏళ్ళ మాట. లేచి అట్టలు నిలబెట్టింది.

ఎన్నిక రోజు భర్త యూనిఫాం మీదే వచ్చి లైన్లో నిలబడ్డాడు. లోపలికెళ్ళాడు. ఎంతసేపటికీ రాలేదు. వచ్చాక, గుమ్మం దగ్గర తాళాలు పట్టుకుని నిలబడ్డ భార్యను చూసి ఆగిపోయాడు.

"ఇటు రా," అని పక్కకు పిలిచాడు. వెటకారం లేదు, ఛాతీ నిమురుకోవడం లేదు. "లోపలేం చేస్తానో చెబుతాను. అంతసేపు ఎందుకుంటానో, అదీ చెబుతాను."

"వద్దండీ," అంది ఆమె.

వద్దని అన్నది నిజంగా ఈవిడేనా అని ఆయన తేరిపార చూశాడు. "నీ మీద కోపంతో కాదే, బాధతో అరిచాను ఆ రోజు. ఆ ఒక్క మాట మింగేసి ఉంటే, ఇవాళ నువ్వు కూడా లోపలికెళ్ళేదానివి గదా!"

"వెళ్ళేదాన్నే," అంది తాళాలమ్మ. "అబద్ధమాడి లోపలికెళ్ళి, ఎవరూ చూడని చోట ఒక్కదాన్నే నిలబడి, ఏం చేసేదాన్నండీ?"

వెనక జనం ఆగిపోయారు. ఆమె తలుపు ఇంకాస్త బార్లా తెరిచి పట్టుకుని, లోపలికి రమ్మని వాళ్ళకు దారిచ్చింది.