దసరా పసుపు కింద చాసిస్ నంబరు

నా సర్వీసు చివరి ఏడాది, మామిడికాయ కోతల కాలంలో, మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుగా నన్ను తిరువూరు వేశారు. జనం మమ్మల్ని బ్రేకు ఇన్‌స్పెక్టర్లంటారు గానీ, బ్రేకు మా పనిలో ఒక భాగమే. పదిహేనేళ్లు నిండిన సొంత కారును పరీక్షించి, బాగుంటే రిజిస్ట్రేషన్‌ను ఇంకో ఐదేళ్లు పొడిగించడమూ మా పనే. బాగోకపోతే ఇక అది తుక్కే.

అలా పరీక్షకు వచ్చింది ఎ.కొండూరు దగ్గరి మామిడి రైతు సుబ్బారావుగారి ఇటలీ కారు. మీగడ రంగు, రెండే తలుపులు, గుండ్రటి దీపాలు, పాతకాలపు వాలకం. ఆరడుగుల మనిషి అందులోంచి దిగుతుంటే మా ఆఫీసంతా పని మానేసి చూసింది. "ఇది పెద్దయ్యాక ఏ కారవుతుందండీ?" అన్నాడు మా గుమాస్తా. ఆయన నొచ్చుకోలేదు.

"పనికొచ్చే బళ్లు నాకున్నాయి సార్, ట్రాక్టరూ ట్రాలీ ఆటోనూ. వాటి మీద తిరిగితే రైతుని. దీంట్లో పక్కనున్న నెమలి ఊరి గుడిదాకా వెళ్లినా పెళ్లికొడుకునే."

పక్క సీటులోంచి దిగిన ఆయన భార్య రాజ్యలక్ష్మిగారు మాత్రం, "మొహమాటపడకండి సార్. కుదరదని రాసేయండి, తుక్కుకిచ్చేద్దాం. ముచ్చట ఈయనకి, నడుంనొప్పి నాకు" అన్నారు.

బ్రేకులు, దీపాలు, పొగ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిగిలింది చాసిస్ నంబరు. చట్రం మీద చెక్కిన ఆ నంబరుపై కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అచ్చు దిగుతుంది. అది రికార్డుతో కలవాలి. బానెట్ ఎత్తితే ఆ చోట ఎండిన పసుపు పెచ్చు, దాని మీద కుంకుమ. ఆయుధపూజకు ఇంజనుకు బొట్టు పెట్టడం మామూలే. పాతది తుడవకుండా ఏటా కొత్తది పెడుతూ పోయారు. నంబరు కనపడందే పాస్ చేయలేనన్నాను.

సుబ్బారావుగారి ముఖం పాలిపోయింది. "మెకానిక్ పనై ఉంటుంది సార్" అంటూ స్క్రూడ్రైవరు తీశారు. ఆయన్ని ఇద్దరం ఒకేసారి ఆపాం. గీకితే నంబరు దిద్దారన్న అనుమానం వస్తుందని నేను. "పసుపు మీద ఇనుము పెడతారా!" అని ఆవిడ.

రాజ్యలక్ష్మిగారు చేతిరుమాలు తడిపి, పెచ్చును నానబెట్టి, వేళ్లు కళ్లకద్దుకుంటూ నిదానంగా తుడిచారు.

"ఏటా పెట్టేది నేనేనండి. దీన్నెక్కితే ఈయన వయసు మర్చిపోతారు. విజయవాడ రోడ్డు మీద లారీలకి ఆ సంగతి తెలీదు కదా."

సుబ్బారావుగారు తెల్లబోయారు. "మరి తుక్కుకిమ్మన్నావు?"

"అన్నాను. అంటే ఇచ్చేస్తారా?"

అచ్చు దిగింది, నంబరు కలిసింది, పాస్ చేశాను. ఆవిడ వెంటనే సంచిలోంచి కుంకుమ పొట్లం తీశారు. నంబరు మీద కాదమ్మా, పక్కన పెట్టుకోండని చోటు చూపించాను.

రిటైరయ్యేలోపు అలా నంబరు మీద పసుపు పేరుకున్న బళ్లు మరికొన్ని వచ్చాయి. నంబరు ఎక్కడుందని యజమానిని అడగడం మానేశాను. దసరాకు పసుపు రాసేవాళ్లను పిలిపించమనేవాణ్ణి. పని త్వరగా అయ్యేది.