ఫోను రాసిచ్చిన సాక్ష్యం

నా బతుకులో సాక్ష్యం చెప్పింది ఒక్కసారే. ఆ అయిదు నిమిషాల్లోనే నాకు తాగుడు అలవాటైంది, పెళ్లయింది, భార్య నన్ను వదిలేసి పుట్టింటికి పోయింది. నేను ఆడపిల్లనని మీకు ముందే చెప్పాల్సింది.

అప్పుడు ప్రొద్దుటూరులో డిగ్రీ అయిపోయి, తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. మా నాయనకేమో హాస్టల్ అంటే నరకానికి ముందు స్టాపు. "ఆడ నిన్ను ఎవురు చూస్తారు? దేవుని భయం లేని పిల్ల హాస్టల్లో చెడిపోతాది," అని ఒకటే పాట. సరిగ్గా అప్పుడే, మా అవ్వ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని ఇంట్లో చర్చివాళ్లను పిలిచి కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టారు. కూడికలో చదువుకున్న పిల్లలు లేచి, దేవుడు తమకు చేసిన మేలు సాక్ష్యంగా చెప్పడం మాలో ఆనవాయితీ.

"మా పాప చెప్తాది," అన్నాడు నాయన పాస్టరయ్యతో. తర్వాత నా చెవిలో, "నీ భక్తి ఎంతుందో ఈ పొద్దు చూస్తా. దాన్ని బట్టే తిరుపతి."

నా భక్తి సంగతి దేవుడికీ నాకూ మాత్రమే తెలుసు. ఇద్దరం బయటపెట్టలేదు. వంటింట్లోకి పోయి ఫోన్లో చాట్‌బాట్‌ని అడిగాను: "కన్నీళ్లు తెప్పించే సాక్ష్యం ఒకటి తెలుగులో రాయి." పైన ఒక లైను చూసి మురిసిపోయి, ఫోన్ పట్టుకొని వచ్చి నిలబడ్డాను. మొత్తం చూసుకోవచ్చు కదా అంటారా? మూడేళ్లు కాలేజీలో సెమినార్లన్నీ అట్లాగే చెప్పాం. రాసేది ఫోను, చదివేది మేము, నిద్రపోయేది సారు. మార్కులు మాత్రం పడేవి. పేనుకి పెత్తనమిస్తే తలంతా గొరిగిందట. నేను ఫోనుకిచ్చాను.

"ఒకప్పుడు నేను గాఢాంధకారంలో ఉన్నాను..."

"స్తోత్రం!" అన్నారందరూ.

"తాగుడుకు బానిసనయ్యాను..."

స్తోత్రం గొంతుల్లోనే ఆగిపోయింది. నాయన కుర్చీలోంచి సగం లేచాడు. ఆగాలా? ముందుకు పోతే తప్పు తెలుసుకొని మారుమనసు పొందే చోటు వస్తుంది కదా, అక్కడిదాకా చేరితే గండం గట్టెక్కుతుందనుకొని, గొంతులో కాస్త వణుకు తెచ్చి స్పీడు పెంచాను.

"సంపాదించిందంతా తాగుడుకే తగలేశాను. నా భార్య ఇద్దరు బిడ్డల్ని తీసుకొని పుట్టింటికి వెళ్లిపోయింది..."

మా అవ్వ ఆపరేషనైన కాలు కిందపెట్టి, "ఏమ్మే, నీకు పెండ్లాం యాడిదే?" అంది.

నేను నోరు తెరిచేలోపే వెనక చాప మీద నుంచి పెద్ద ఏడుపు. చూస్తే ట్రాక్టర్ మెకానిక్ రత్నం మామ.

"అది నా కతమ్మా! నా పెండ్లాం బిడ్డల్నెత్తుకొని జమ్మలమడుగు పోయి మూడు నెల్లాయ. వాళ్లమ్మకు బాగలేదని అందరికీ అబద్ధం చెప్తాండా. దేవుడే ఈ పాప నోట పలికిస్తాండాడు!"

"స్తోత్రం!" ఈసారి పైకప్పు అదిరింది.

మరుసటి రోజే మామ తాగుడు మానేస్తానని ఒట్టేసి పెండ్లాం బిడ్డల్ని పిల్చుకొచ్చాడు. ఆదివారానికల్లా నేను ప్రవక్తనైపోయాను. పులివెందుల నుంచి ఒకామె వచ్చి, తప్పిపోయిన బర్రె యాడుందో చెప్పమని కూర్చుంది. నేను సిగ్గుతో చస్తుంటే, నాయన కళ్లు తుడుచుకుంటా, "పాపా, నీకు హాస్టల్ ఖాయం," అన్నాడు.

"తిరుపతికా నాయనా?"

"ఇంత వరముండే పిల్లకి ఎమ్మెస్సీ ఎందుకు మే? బైబిల్ ట్రైనింగ్‌కి పంపిస్తా. అప్లికేషన్ కూడా తెచ్చినా."

ఇక లాభం లేదని ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టాను. "నాయనా, దేవుడు కాదు, ఇది రాసింది. నేను చూసుకోకుండానే చదివినా. దేవుని గురించి నాకేం తెలుసో నాకే తెలీదు. తిరుపతి పోయి చదువుకోవాలని మాత్రం శానా ఉంది."

నాయన కళ్లద్దాలు పెట్టుకొని ఆ సాక్ష్యాన్ని చివరిదాకా చదివాడు. దాన్ని పూర్తిగా చదివిన మనిషి ఆయనొక్కడే.

"ఇప్పుడు చెప్పినావు చూడు, అదీ సాక్ష్యమంటే," అన్నాడు. "తిరుపతి పో. నిన్ను చెడిపేది హాస్టల్ కాదు, ఇది. దీన్ని ఈడ పెట్టి పో."

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరమంతా బటన్ ఫోన్‌తోనే చదివాను. కాబట్టి మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను: దేవుడి ముందైనా సరే, సారు ముందైనా సరే, చివరి లైను చూడనిదే మొదటి లైనుకు నోరు తెరవను.

రత్నం మామకి మాత్రం ఈ సంగతి చెప్పకండి. ఆయన ఇంకా తాగడం లేదు.