సారమ్మ తవ్విన గుంత

సారమ్మ మంత్రసాని. కృష్ణ ఒడ్డునున్న ఊళ్లో నలభై ఏళ్లు కాన్పులు చేసింది. ప్రతి కాన్పు తర్వాతా బిడ్డ మాయను ఆ ఇంటి పెరట్లో తన చేత్తోనే పూడ్చేది. మాయ పూడ్చిన నేలే బిడ్డకు సొంతూరని ఆమె మాట. 1981లో శ్రీశైలం డ్యాం నీళ్లు ఆ ఊరిని ముంచాయి. అధికారులు ఇళ్లూ చెట్లూ బావులూ కొలిచి రాసుకున్నారు. పెరటి నేలలో ఏముందో ఎవరూ అడగలేదు. ఊరివాళ్లంతా శిరివెళ్ల దోవలో కట్టిన కొత్త కాలనీకి చేరారు.

అక్కడ నేలంతా రాయి. 1984 వేసవిలో ఒక కాన్పు చేసి, సారమ్మ పొద్దుటి నుంచి గుంత తవ్వుతూనే ఉంది. బడిపంతులు ఏలీయా పేపరు పట్టుకొని వచ్చాడు.

“అవ్వా, మనోడొకడు ఆకాశానికి పోయొచ్చినాడు. ముందుముందు మనుషులు చంద్రుని మీద ఊళ్లు కట్టుకుంటారంట. పోవాల్నంటావా, వద్దంటావా?”

సారమ్మ గడ్డపార ఆపింది.

“ఆడ గుంత పడుతుందా?”

“ఆడా రాయేనంట.”

“ఇష్టపడి పోయేటోళ్లు రాయైనా తవ్వుకుంటార్లే. నాకొకటి చెప్పప్పా. వాళ్లంతట వాళ్లే పోతాండారా, లేకుంటే మమ్మల్ని తోలినట్లు నీళ్లొదిలి తోల్తాండారా?”