అద్దాలక్క అడిగిన వివరాలు

ఆమె తుడిచిన గాజు తలుపు తెరిచే ఉందనుకుని ఒకాయన విసురుగా నడిచి ముక్కు చితక్కొట్టుకున్నాడు. అప్పటినుంచి అందరికీ ఆమె అద్దాలక్క.

ఇళ్లు శుభ్రం చేసే మనుషుల్ని పంపే ఒక కంపెనీలో పనిచేసేది. ఏ ఇంటికి వెళ్లాలో ఫోన్ చెప్పేది. ఎప్పుడు చేరిందో, ఎప్పుడు కదిలిందో, దారిలో టీకి ఎంతసేపు ఆగిందో కూడా ఆ ఫోనే కంపెనీకి చేరవేసేది. కన్నతల్లి కూడా ఆమెను అంతలా కనిపెట్టి ఉండదు.

ఒకరోజు ఒకావిడ గుమ్మంలోనే, "ఇవాళ వద్దులే, చుట్టాలొచ్చారు," అని తిప్పి పంపేసింది. అద్దాలక్క అటునుంచి అటే ఊరి చివర ఇంకో ఇంటికి పోయింది. సాయంత్రానికి ఆవిడే తన చెవి కమ్మలు పోయాయని, తీసింది అద్దాలక్కేనని ఫిర్యాదు చేసింది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. ఆవిడకు ఆ శ్రమ కూడా లేకపోయింది, కంపెనీ ఒక్క మాట అడిగితే కదా! ఆమెను పనిలోంచి ఆపేశారు. ఫోన్‌లో ఎర్రటి అక్షరాలు వచ్చాయి: దొంగతనం ఫిర్యాదు.

"నేనా గడపే తొక్కలేదే అమ్మాయీ! ఆ సంగతి వాళ్ల ఫోన్‌కే తెలుసు కదా!" అని కోడలి దగ్గర ఏడ్చింది.

"అదే అడుగుదాం అత్తయ్యా. మన గురించి వాళ్ల దగ్గరున్న వివరాలు అడిగితే ఇచ్చి తీరాలట, చట్టముంది," అంటూ కోడలు తనే కూర్చుని రాసింది.

'మీ వివరాలు మీ సొత్తు' అని ప్రతి ప్రకటనలోనూ చెప్పుకునే కంపెనీ అది. పేరు గొప్ప, ఊరు దిబ్బ. మొదటి జవాబులో ఆమె పేరు, ఫోన్ నంబరు, ఫొటో పంపారు.

"నా మొహం నేనెరగనా?" అంది అద్దాలక్క.

మళ్లీ రాస్తే, అడుగుతున్నది మీరేనని రుజువేమిటన్నారు. వేలిముద్ర పంపమన్నారు, కరెంటు బిల్లు పంపమన్నారు, తల అటూ ఇటూ తిప్పుతూ వీడియో తీసి పంపమన్నారు. దొంగ అనడానికి అక్కర్లేని రుజువులన్నీ, ఆమె ఆమేనని నమ్మడానికి కావలసి వచ్చాయి.

ఈలోగా వీధిలో మాట పాకింది. ఊరెళ్లినప్పుడల్లా ఇంటి తాళం చెవి ఆమె చేతిలో పెట్టే పక్కింటావిడ, ఆ చెవి తిరిగి ఇచ్చేయమంది. పని పోయినదానికన్నా అద్దాలక్కకు అదే గుండెల్లో గుచ్చుకుంది.

చివరికి జవాబొచ్చింది. కోడలు పైకి చదివింది. "మీ గోప్యతను గౌరవిస్తూ మీ రాకపోకల వివరాలన్నీ పూర్తిగా చెరిపేశాం. మీ కోరిక నెరవేరింది. మా సేవ ఎలా ఉందో చెప్పండి."

"చెరపమని ఎవరడిగారే? చూపించమన్నాం కదా!" అంది అద్దాలక్క.

"అన్నీ చెరిపేస్తే ఆ ఫిర్యాదూ పోయి ఉంటుంది కదా. కొత్తగా చేరొచ్చేమో చూస్తానుండండి," అని కోడలు కంపెనీ ఫోన్‌లో ఆమె పేరు కొట్టి చూసింది.

మళ్లీ అవే ఎర్రటి అక్షరాలు: దొంగతనం ఫిర్యాదు. దాని కింద, 'ఈ ఒక్క వివరం చట్టప్రకారం భద్రంగా ఉంచాం' అని రాసి ఉంది.

అద్దాలక్క ఫోన్ అందుకుంది. అలవాటు కొద్దీ పక్కనున్న గుడ్డ తీసి దాని అద్దం తుడిచింది. అక్షరాలు ఇంకా బాగా కనిపించాయి.