మూలకు మూల

జమ్మలమడుగు బండల మిషన్లో కోతపని చేసే జమాల్, ఎదురెదురు అంచులు సమానంగా ఉన్నంత మాత్రాన బండను నమ్మడు. మొలకు చుట్టుకున్న దారం విప్పి మూలకు మూల పట్టి చూస్తాడు. మిగతా రెండు మూలలకూ అదే దారం సరిగ్గా అందాలి; అందకపోతే బండ ఒక పక్కకు ఒరిగినట్టే. దారం పట్టేటప్పుడే దగ్గుతెర వస్తుంది. బూడిదరంగు కళ్లె ఉమ్మి, మళ్లీ వంగుతాడు. ఇరవై ఏళ్లు పక్క రంపం మీద పనిచేసిన అబ్రార్ అదే దగ్గుతో పోయిననాడు, గోరీలో శవం పైన కప్పడానికి ఆరు బండలు కోశాడు. ఒకదానికి వేలిమందం తేడా వచ్చింది. పక్కన పెట్టాడు.

"మట్టిలో పొయ్యేదానికి కొలతలేంటికి మామా? గోరీకాడ జనం కాసుకోనుండారు," అన్నాడు సాటి కోతగాడు ఆదినారాయణ.

"వంకరది పెడితే సందు పడతాదప్పా. మట్టి వాని మొగం మీద రాల్తాది. బతికినన్నాళ్లూ దుమ్మే తిన్యాడు, ఇంక చాలు."

ఇంకొకటి కోసి దారం పట్టాడు. సరిపోయింది. వంకర బండను పగలగొట్టడానికి ఆదినారాయణ సుత్తి ఎత్తితే, జమాల్ దగ్గు ఆపుకుంటూ చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది నాకుంచప్పా. అప్పటికి దారం పట్టి చూసేవాళ్లు యాడుంటారు?"